ఎటు కారుతోంది

రాత్రి కారు కింద పరిచిన అట్టముక్క
పొద్దున్నే లాగి చూస్తాను.
పొడి.
నిన్నా పొడే. మొన్నొక చుక్క కనబడి
గుండె ఝల్లుమంది; వేలితో రాస్తే, మంచు.

చియతూరలో అన్నిటి మీదా మాంగనీసు నలుపు.
ఆరేసిన దుప్పట్ల మీద, కిటికీ అంచుల మీద,
రొట్టె మీద కూడా కాస్త.
ఇంత మసిలో ఏది కారినా
పలక మీద తడివేలు గీసినట్టు చార పడాలి గదా.
నాలుగు చక్రాల లోపలి వైపూ టార్చి వేసి చూశాను.
గొట్టాల వెంట గుడ్డ పట్టుకుని పాకాను.
ఎక్కడా చార లేదు.

డబ్బాలో మాత్రం వారానికి గోరుమందం తగ్గుతోంది.

ఈ ఊరి రోడ్లు ఎక్కాలి, లేదా దిగాలి. మధ్యరకం లేదు.
ఇంజెక్షన్ల పెట్టె పక్కసీట్లో పెట్టుకుని
పై గని కాలనీకి రోజూ వెళ్ళొస్తాను.
రైలుగేటు దగ్గర వాలులో ఆగి కాలు నొక్కి ఉంచితే
పెడలు మెల్లిగా, చాలా మెల్లిగా,
నిద్రపోతున్న పిల్లాడి తల భుజం మీదికి ఒరిగినట్టు
దిగిపోతుంది.
పిల్లాడైతే ముద్దే. బ్రేకు కదా.

మూడోవారం డబ్బా తుడుస్తుంటే బయటపడ్డాయి
పెన్సిలు గీతలు.
ఒకదాని కింద ఒకటి, పక్కన తేదీలు,
చీమతలకాయలంత అంకెలు.
కొండల పక్కన ఎత్తులు రాసే చెయ్యి అది.
ఈ జిగులీ నాకు అమ్మిన భూగోళం మాష్టారు కార్లో.
"బంగారంలాంటి బండి, ఏ లోపమూ లేదు" అన్న కార్లో.
పద్దెనిమిది గీతలు.
తెలుసన్నమాట!
ఆ రాత్రి నా నోట వచ్చిన తిట్లు
మా అమ్మమ్మ దగ్గర కూడా విని ఉండను.

షెర్మదిన్‌కి కుడిచెవి వినబడదు.
ఇంజను ఆన్ చేయించి, అరచెయ్యి బానెట్ మీద ఆనించి
చేత్తోనే విన్నాడు.
వెనక్కెళ్ళి పొగ చూశాడు. తెల్లగా ఉంది.
చలి కదా, అన్నాను.
మే నెల, అన్నాడు.

మాస్టర్ సిలిండర్ నట్లు రెండూ విప్పి,
గొట్టాలు ఊడకుండా అంగుళం ముందుకి జరిపి,
ఆ సందులోకి తీగకి చుట్టిన గుడ్డ పోనిచ్చాడు.
తడి.
నీళ్ళగిన్నెలో జాడిస్తే తేలలేదు, కలిసిపోయింది.
"ఇంజనాయిలు కాదు. అదే."
నా పెట్టెలోంచి పెద్ద సిరంజి అడిగి తీసుకుని
బూస్టర్ పొట్టలోంచి తోడాడు,
నాలుగు సిరంజిలు, డికాక్షన్ రంగు.

బయటికి కారితే కదా నేల తడిసేది.
చొక్కాగుండీ అంత రబ్బరుచుట్టు ఒకటి, వెనకది, అరిగి
లోలోపలికే వదులుతోంది.
గుక్క గుక్కగా ఇంజనే తాగి
పొగ చేసి ఊదేస్తోంది.
ఇంటిదొంగ.
వాకిట్లో పిండి చల్లితే అడుగులు పడతాయా?

రొట్టెలబట్టీ దగ్గర కార్లో కనబడ్డాడు.
పోట్లాట సిద్ధం చేసుకునే ఎదురెళ్ళాను.
టోపీ తీశాడు, కళ్ళు ఎత్తలేదు.
"బూస్టర్లోకి" అన్నాను.
అంతే వచ్చింది నోట్లోంచి.

వేడిరొట్టె ఆ చేతిలోంచి ఈ చేతికి మార్చుకుంటూ నిలబడ్డాడు.
"రెండేళ్ళు," అన్నాడు. "అట్టలు పరిచాను. పేపర్లు పరిచాను.
బడిలో పారేసిన పటాలు కూడా పరిచాను,
చుక్క బాగా కనబడుతుందని సముద్రం ఉన్నవి ఏరి.
మా ఆవిడ నాకే చూపు ఆనడం లేదంది.
అయితే, తగ్గడం నిజమే?"
నిజమే, అన్నాను.

తిట్టాలని తర్వాత గుర్తొచ్చింది.
తిట్టాను కూడా, కొంచెం.
సగం రొట్టె తుంచి ఇస్తే తీసుకున్నాను.

ఇవాళ గేటు దగ్గర గూడ్సు, ముప్పైఆరు పెట్టెలు.
కాలు నొక్కి ఉంచాను. నొక్కినచోటే ఉంది.

గీతలు తుడవలేదు.
పందొమ్మిదోది నేను గీసి
తేదీ వేశాను.